నల్లమల చూడటానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నంద్యాల. కార్తీకమాసానికి వారం ముందు, మళ్లీ శివరాత్రికి వారం ముందు మా ఇంట్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. హైదరాబాదులో ఉన్న చిన్నాన్న పిల్లలు, బెంగళూరులో ఉన్న బావగారు, ఆయన ఆఫీసువాళ్లు, ఆ ఆఫీసువాళ్ల వియ్యంకులు, అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు రాసి పెడితే మేలని కూర్చున్నాను.

నల్లమల అంటే శ్రీశైలమేనా? అసలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

శ్రీశైలం నల్లమలలో ఒక గుడి, ఒక డ్యాము. నల్లమల మాత్రం తూర్పు కనుమల్లో ఉత్తర దక్షిణాలుగా సాగిన పెద్ద కొండల వరస. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క పెన్న. కృష్ణ దాటితే అటువైపు తెలంగాణ నల్లమల. ఇటువైపు పాత కర్నూలు, పాత ప్రకాశం జిల్లాలు, కొంత కడప. మ్యాపులో వెతికేవాళ్లకు ఒక మాట: 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిగా ఏర్పడింది కాబట్టి శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి ఇప్పుడు కాగితాల మీద నంద్యాల జిల్లావి. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ 'కర్నూలు జిల్లా' అనే అంటారు, మీరూ అనొచ్చు.

యాగంటి, బెలూం గుహలు, గండికోట ఉన్నది ఎర్రమలలో. అవి వేరే కొండలు. రాయి వేరు, చెట్టు వేరు. 'నల్లమల టూర్' అని చెప్పి బెలూం తీసుకెళ్లే వ్యాన్లను నమ్ముకుంటే గుహ చూస్తారు గానీ అడవి చూడరు.

పెద్దలు చెప్పే లెక్క ఇంకోటి ఉంది. ఈ కొండలన్నీ కలిసి పడుకున్న ఆదిశేషుడట. తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. మ్యాపు తెరిచి చూస్తే నిజంగానే పాము వంపే కనిపిస్తుంది.

రెండు రోజులే సెలవు. శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి, బెలూం, గండికోట, ఆరూ కుదురుతాయా?

కుదురుతాయి. కారు అద్దంలో నుంచి చూసి, పార్కింగులో నిలబడి ఫోటో దిగి, తిరిగొచ్చేస్తే.

కర్నూలు నుంచి శ్రీశైలం ఆత్మకూరు, దోర్నాల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. మ్యాపులో ఆత్మకూరు, శ్రీశైలం పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, కానీ మధ్యలో అడవి ఉంది, నేరుగా కారు దారి లేదు. దోర్నాల దాకా వెళ్లి వెనక్కి మళ్లాల్సిందే. అహోబిలం పూర్తిగా వేరే మూల, నంద్యాలకు దక్షిణాన ఆళ్లగడ్డ వైపు 70 కిలోమీటర్ల దాకా వస్తుంది.

నా సలహా ఏమిటంటే ఒక ప్రయాణానికి ఒక వైపే పెట్టుకోండి. నంద్యాలలో దిగితే మహానంది, అహోబిలం. ఆత్మకూరు వైపైతే బైర్లూటి అడవి సఫారీ, సంగమేశ్వరం గుడి, శ్రీశైలం. ఎర్రమల ముచ్చట ఇంకో సెలవులకు ఉంచుకోండి. మొన్న మా బావగారి స్నేహితులు ఆరూ ఒకేసారి పెట్టుకుని వచ్చారు. రెండో రోజు సాయంత్రం మా ఇంట్లో కాఫీ తాగుతూ, అహోబిలంలో చూసిందేదో మహానందిలో చూసిందేదో వాళ్లలో వాళ్లే వాదులాడుకున్నారు.

ఏ నెలలో రావాలి?

మీకేం కావాలో దాన్ని బట్టి.

పచ్చదనం, వాగులు, జలపాతాలు కావాలంటే వానలు పడ్డాక, అంటే ఆగస్టు నుంచి నవంబరు. కానీ పులుల అభయారణ్యంలో సఫారీలు వానాకాలంలో మూసేస్తారు. ఈ మధ్య ఏళ్లలో జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మూడు నెలలు బంద్ పెడుతున్నారు. జంతువులు జతకట్టి పిల్లలు పెట్టే కాలం, దారులు బురద. గుళ్లకు ఈ బంద్ వర్తించదు. అయితే ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడిలాంటివి పూర్తిగా అడవి లోపల ఉన్నాయి కాబట్టి వాటి దారి కూడా ఆగిపోతుంది.

అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికీ అనుకూలం. చలి ఉంటుంది, వాగుల్లో కాస్త నీళ్లుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగలు పూస్తాయి. ఆకు రాలిన అడవిలో ఆ ఎరుపు కనిపిస్తే డ్రైవరు కూడా బండి ఆపుతాడు.

ఏప్రిల్, మే నెలల్లో అడవి మోడుబారి ఉంటుంది. టేకు, నల్లమద్ది ఆకులన్నీ రాల్చేసి నిలబడతాయి. 'ఇదేనా నల్లమల?' అని నిరాశపడేవాళ్లు అప్పుడు వచ్చినవాళ్లే. కానీ జంతువులు కనిపించేదీ అప్పుడే. నీళ్లున్న చోటు తక్కువ, ఆకుల మాటు తక్కువ. ఎండకు ఓర్చుకోగలిగితే రండి. చిన్నపిల్లలతో మాత్రం వద్దు.

పొద్దున ఆఫీసు చూసుకుని సాయంత్రం బయలుదేరి రాత్రికి శ్రీశైలం చేరొచ్చా?

ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న, అన్నిటికంటే ఎక్కువమంది ఇబ్బంది పడేదీ ఇక్కడే. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు మన్ననూరు దగ్గర గేటు, మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు దోర్నాల దగ్గర గేటు. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవిలోనూ రాత్రిపూట గేట్లుంటాయి. రాత్రి రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టిన ఏర్పాటు అది. 'చిన్నపిల్లలున్నారు సార్' అన్నా, 'ఫలానా ఆయన తెలుసు' అన్నా లాభం లేదు. శివరాత్రి బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం సడలింపు ఇస్తుంటారు.

ఒక ఏడాది మేమే ఇరుక్కున్నాం. ఆత్మకూరులో టిఫిన్ దగ్గర అరగంట ఎక్కువ కూర్చున్నాం, అంతే. గేటు చేరేసరికి తొమ్మిది దాటింది. దొరికిన ఒక లాడ్జిలో ఆరుగురం ఒక గదిలో సర్దుకున్నాం. ఫ్యాను తిరిగింది గానీ గాలి రాలేదు, దోమలు మాత్రం ధారాళంగా వచ్చాయి. మా అత్త ఇప్పటికీ ఆ టిఫిన్ మాటెత్తితే మొహం అటు తిప్పుకుంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. చీకటి పడకముందే గేటు దాటేలా చూసుకోండి.

అహోబిలంలో తొమ్మిది నరసింహుల్నీ ఒక్క రోజులో చూడొచ్చా?

కాళ్లు బాగుంటే, పొద్దున ఆరింటికే మొదలుపెడితే చూసినవాళ్లున్నారు. నేనైతే రెండు రోజులు పెట్టుకోమంటాను.

ముందు అహోబిలం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి, చుట్టూ ఊరు, సత్రాలు. విజయనగర కాలపు మండపాలు, శ్రీకృష్ణదేవరాయల జయస్తంభం ఇక్కడే ఉన్నాయి. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు పైకి వెళ్తే ఎగువ అహోబిలం. గుహలో వెలసిన ఉగ్రనరసింహుడు అక్కడే. అంతవరకు బస్సు, కారు వెళ్తాయి. చాలామంది ఇంతటితో 'అహోబిలం అయిపోయింది' అనుకుని దిగిపోతారు. నిజానికి అహోబిలం మొదలయ్యేది అక్కడి నుంచే.

దిగువన దగ్గర్లో ఉన్నవి యోగానంద, ఛత్రవట నరసింహులు. భార్గవ నరసింహుడి గుడి కాస్త లోపలికి. కారంజ నరసింహుడు ఎగువకు వెళ్లే రోడ్డు పక్కనే. వీటిని ఆటోలోనో జీపులోనో పూటలో చూడొచ్చు. ఎగువ గుడి వెనక నుంచి భవనాశిని వాగు వెంబడి నడిస్తే ముందు వరాహ నరసింహుడు (క్రోడ నరసింహుడనీ అంటారు), ఆ పైన జ్వాలా నరసింహుడు, ఇంకో వైపు మాలోల నరసింహుడు. పావన నరసింహుడు వీటన్నిటికీ దూరంగా, కొండ అవతల అడవిలో. నడిచి వెళ్లేవాళ్లున్నారు, జీపులూ ఉన్నాయి. ఆ జీపు ప్రయాణానికి ముందు కడుపు నిండా తినకండి, అంతే చెప్తాను.

జ్వాలా నరసింహుడి దారి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. సగం దూరం వాగులో రాళ్ల మీద నడక. తర్వాత మెట్లు, సన్నటి అంచు దారి. చివరికి వచ్చేసరికి పైన కొండ చరియ మీద నుంచి నీళ్లు తెరలా పడుతుంటాయి, ఆ తెర కింద నుంచి నడిచి గుడికి వెళ్లాలి. వానలు బాగా పడిన ఏడాది తడవకుండా వెళ్లడం కుదరదు, ఎండాకాలంలో చుక్కలు చుక్కలుగా రాలుతుంది. పక్కనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు. నీళ్లు కొంచెం ఎర్రగా కనిపిస్తాయి, దోసిట్లోకి తీసుకుంటే మామూలు నీళ్లే.

అక్కడి నుంచి తలెత్తి చూస్తే ఉగ్రస్తంభం కనిపిస్తుంది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఆ నిలువు బండేనని నమ్మకం. పైదాకా ఎక్కడం అందరి వల్లా కాదు. దారి తెలిసిన స్థానికుడు లేకుండా అసలు వద్దు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు 'యూట్యూబులో చూశాం' అంటూ బయలుదేరి చీకటి పడ్డాక వెతికించుకుంటారు.

భారీ వాన పడుతుంటే ఎగువ గుడి దాటి వెళ్లకండి. భవనాశిని పొద్దున పాదాలు తడిపే వాగు, మధ్యాహ్నానికి నడుము లోతు కావచ్చు.

ఇంకో మాట, సంక్రాంతి సెలవుల్లో వచ్చేవాళ్లకు. కనుమ నాడు అహోబిలంలో పార్వేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకిలో బయలుదేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలవడానికి. దేవుడే గడప దాకా వచ్చి పిలిచే పెళ్లి ఇంకెక్కడుందో నాకు తెలియదు. పల్లకి వచ్చే రోజే ఆ ఊళ్లకు అసలు పండగ, ఆడపిల్లల్ని పుట్టింటికి పిలుచుకునేదీ అప్పుడే. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలో మీకు తెలిసినవాళ్లుంటే ఆ రోజుకు వెళ్లండి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల దాకా ఆగాల్సిన పని లేదు.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. వాళ్లతో ఎక్కడికి?

మహానంది. నంద్యాల నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే, మెట్లు లేవు, నడక తక్కువ. దారి పొడవునా అరటి తోటలు. కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడిన రూపాయి బిళ్ల బొమ్మా బొరుసా చెప్పొచ్చు. ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా అనిపిస్తాయి. కొండ కింద ఊరే ఆ నీళ్లే బయటికి పారి చుట్టూ వేల ఎకరాలు తడుపుతాయి. ఆ అరటి తోటలు అలా బతికినవే.

తీరిక ఉంటే నవనందులు పెట్టుకోండి. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి. మిగిలినవి మహానంది చుట్టుపక్కల. కార్తీక సోమవారాల్లో ఆటోవాళ్లు తొమ్మిదీ తిప్పుతారు. అడవి అంచున ప్రశాంతంగా కూర్చోవాలంటే బండి ఆత్మకూరు దగ్గర ఓంకారం బాగుంటుంది, మహానందిలో ఉన్నంత రద్దీ ఉండదు.

చీకటి పడ్డాక గుడి వెనక వైపు తోటల్లోకి వెళ్లొద్దు. అక్కడ చిరుత తిరిగిందని పేపర్లో చాలాసార్లు వచ్చింది. ఎలుగుబంటి కూడా వస్తుంది.

శ్రీశైలంలో దర్శనం కాకుండా ఏం చూడాలి?

మల్లికార్జునుడు పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకడు, భ్రమరాంబ పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. రెండూ ఒకే ప్రాకారంలో ఉన్నాయి కాబట్టి జనం ఎప్పుడూ ఉంటారు. సాక్షి గణపతి, హటకేశ్వరం, ఫాలధార పంచధార, శిఖరేశ్వరం ఎలాగూ మీ జీపతను చూపిస్తాడు. వాటిలో ఫాలధార పంచధార దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. మెట్లు దిగి లోయలోకి వెళ్లాలి, బండ సందుల్లోంచి ఏడాది పొడవునా నీళ్లు కారుతూనే ఉంటాయి.

పాతాళగంగకు రోప్‌వే ఉంది. జలాశయంలో నీళ్లుంటే అక్కడి నుంచి అక్కమహాదేవి గుహలకు పడవ వెళ్తుంది. డ్యాము పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు, 12 గేట్లు. గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిన ఆదివారం మాత్రం రాకండి. నీళ్ల కంటే కార్లే ఎక్కువ కనిపిస్తాయి, సున్నిపెంట దాకా ట్రాఫిక్ జామ్.

చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చిన్నదే గానీ, అడవిలోకి వెళ్లే ముందు చూడాల్సింది.

పులి కనిపిస్తుందా?

కనిపించకపోవచ్చు అనుకుని రండి.

నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం సుమారు 3,700 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. ఇంత పెద్ద అడవిలో, ఇంత దట్టమైన చోట, గంటన్నర జీపులో తిరిగితే పులి ఎదురొస్తుందనుకోవడం లాటరీ టికెట్టు లాంటిదే. ఉత్తరాదిన గడ్డి మైదానాల్లో ఫోటోలు తీసుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి డబ్బులు దండగ అంటారు. నల్లమలలో పులి మీకు కనిపించేలోపు మిమ్మల్ని పదిసార్లు చూసి ఉంటుంది.

మరి ఏం చూస్తారు? దుప్పులు, కణితులు, అడవిపందులు తప్పకుండా. అదృష్టం బాగుంటే ఎలుగుబంటి, కొండగొర్రె, రేసుకుక్కల గుంపు. పొడవాటి తోకతో చెట్టు మీద నుంచి చెట్టు మీదికి దూకే బెట్లుడుత. ఒకసారి పొద్దున సఫారీలో మా వెంట వచ్చిన చెంచు అబ్బాయి దారి మధ్యలో జీపు ఆపించి మట్టిలో గుర్తు చూపించాడు. పులి పాదం. దాని అంచు ఇంకా విరగలేదు, మంచు కూడా దాని మీద పడలేదు. 'తెల్లారాక పోయింది' అన్నాడు. పులిని చూడలేదు గానీ ఆ రోజు జీపులో ఎవరూ మాట్లాడలేదు.

సఫారీలు ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, నంద్యాల, గిద్దలూరు దారిలో పచ్చర్లలో, దోర్నాల, శ్రీశైలం దారిలో తుమ్మలబయలులో ఉన్నాయి. బైర్లూటి, పచ్చర్లల్లో రాత్రి ఉండటానికి అటవీశాఖ కాటేజీలున్నాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోండి. సఫారీకి పొద్దున మొదటి ట్రిప్పు, లేదంటే సాయంత్రం చివరిది. మధ్యాహ్నం ట్రిప్పులో చూసేది ఒకరి మొహం ఒకరు.

రైల్లో నుంచి అడవి చూడొచ్చని విన్నాం?

నిజం, పైగా అన్నిటికంటే చౌక. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పగటి రైలెక్కి కిటికీ దగ్గర కూర్చోండి. గాజులపల్లె దాటగానే అడవి మొదలవుతుంది. చెలమ, బొగద, దిగువమెట్ట వరసగా వచ్చే చిన్న స్టేషన్లు. మధ్యలో సొరంగాలు, లోయలు. 1880ల్లో మీటర్‌గేజీ కోసం వేసిన పాత దారి బ్రాడ్‌గేజీ వచ్చాక మూలబడింది. దొరబావి దగ్గర లోయ మీద కట్టిన పాత వంతెన ఆ కాలపుదే. దాని దగ్గరికి అనుమతి లేకుండా వెళ్లకండి, అది అభయారణ్యం.

ఈ రైలు దారికి ఒక సాలీడు కథ ఉంది. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో ఒక నీలి రంగు సాలీడు దొరికింది, 1899లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టి వర్ణించారు. తర్వాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనిపించింది, గుత్తిలో కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అప్పట్లో కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అనుకుంటారు. లోహంలా మెరిసే ఆ నీలం సాలీడు ఇప్పుడు అంతరించే అంచున ఉంది. చెట్టు తొర్రల్లో ఉంటుంది. వెతక్కండి, చెట్టు బెరళ్లు పీకకండి.

పాతకాలం నడకదారిలో శ్రీశైలం వెళ్లొచ్చా?

ఉగాదికి, శివరాత్రికి ముందు వెళ్లొచ్చు. ఆ రోజుల్లో అటవీశాఖ అనుమతిస్తుంది, దారిలో నీళ్లు, అన్నం పెట్టేవాళ్లుంటారు. ఉగాదికైతే కన్నడ భక్తులు వేలల్లో నడుస్తారు. మల్లన్న వాళ్లింటి అల్లుడు, భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు, చీర సారె పట్టుకుని వస్తారు. కొందరు కాళ్లకు కర్రలు కట్టుకుని నడుస్తారు.

ఆత్మకూరు పక్క వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా దారి. కొండ ఎక్కడానికి మెట్లు కట్టించింది రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి. ఆ మజిలీల పేర్లు ఒకసారి మళ్లీ చదవండి: చెరువు, బావి, కొలను. ఇందాక రైలు దారిలో చెలమ, దొరబావి. ఈ అడవిలో మనిషి పేరు పెట్టుకున్న చోట్లు చాలావరకు నీళ్లు దొరికే చోట్లే. మిగతా రోజుల్లో ఆ దారి పులులది.

అంత నడవలేని వాళ్లు శ్రీశైలం వైపు నుంచి కైలాసద్వారం దాకా వెళ్లి, మెట్లు దిగి భీముని కొలను చూసి రావొచ్చు. దిగడం సులభం. ఎక్కేటప్పుడు వేమారెడ్డి గుర్తొస్తాడు.

సంగమేశ్వరం గుడి మునిగి ఉందా, తేలిందా?

శ్రీశైలం జలాశయం నీటిమట్టం చూసుకోండి. నిండితే 885 అడుగులు. 840 అడుగుల కిందికి దిగితే గుడి బయటపడటం మొదలవుతుంది. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నుంచి వరద వచ్చే జులై దాకా చూడొచ్చు. మిగతా కాలమంతా శివుడు నీళ్లలోనే. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటంటారు. లింగం వేప మొద్దుది. ధర్మరాజు ప్రతిష్ఠ అని కథ. భీముడు కాశీ నుంచి లింగం తేవడం ఆలస్యమైతే వేప చెట్టు చెక్కి నిలిపారట. ఏడాదిలో ఆరు నెలలకు పైగా నీళ్లలో నానే ఆ కర్ర ఇంకా ఉంది.

గుడి తేలగానే పూజారి బురద కడిగి పూజ మొదలుపెడతాడు. వరద వచ్చి గడప తాకేటప్పుడు ఆఖరి హారతి. ఆ రోజుకు చూడటానికి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. వెళ్లొచ్చు గానీ నీళ్లు పెరిగే వేగం మీ సెల్ఫీ కోసం ఆగదు.

దారిలో అడవి అంచున కొలను భారతి ఉంది, సరస్వతీదేవి గుడి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. చిన్న వాగు, పాత శివాలయాలు, నీడ. అన్నం మూట తీసుకెళ్లండి.

చెంచుగూడేలు చూడొచ్చా? పిల్లలకు చూపిద్దామని.

చెంచులు చూడటానికి పెట్టిన వస్తువులు కాదు. గూడెంలో ఎవరైనా పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే వెళ్లకండి. దారిలో బండి ఆపి బిస్కెట్లు పంచి ఫోటో తీసుకునేవాళ్లను చూస్తే నాకు సిగ్గేస్తుంది.

వాళ్ల గురించి పిల్లలకు చెప్పాలంటే చాలా ఉంది. వాళ్ల మాట తెలుగే. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి వాళ్లకు అల్లుడు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య. ఈ రెండు గుళ్లలో మనం క్యూలో నిలబడి చూసే దేవుళ్లు వాళ్లకు ఇంటి మనుషులు. బైర్లూటిలో సఫారీకి వెంట వచ్చేవాళ్లలో చెంచులున్నారు. వాళ్లతో మాట్లాడండి, నెమ్మదిగా, మర్యాదగా. ఏ చెట్టుకు ఏ పేరో, ఏ అరుపు దేనిదో మీకు నాలుగు పుస్తకాలంత చెప్తారు.

అడవి తేనె ఎక్కడ కొనాలి?

గిరిజన సహకార సంస్థ దుకాణంలో. రోడ్డు పక్కన బకెట్లో తేనెతుట్టె వేసి అమ్మేదాంట్లో బెల్లం పాకం ఎంతో ఆ అమ్మేవాడికే తెలియాలి.

ఫోన్ సిగ్నల్, పెట్రోలు, డబ్బు?

ఆత్మకూరు దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఎక్కువగా పోతూనే. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే వాళ్లకు టెన్షన్. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు ఆత్మకూరులోనో దోర్నాలలోనో నింపుకోండి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు. అభయారణ్యం దారుల్లో ప్లాస్టిక్ సీసాలు, కవర్లు నిషేధం. గేటు దగ్గర బండికి రుసుము కట్టాలి.

తిండి, బస?

శ్రీశైలంలో దేవస్థానం గదులు, దాదాపు ప్రతి కులానికీ ఒక సత్రం. అన్నం దేవస్థానంలోనే పెడతారు. అహోబిలంలో గదులు తక్కువ, పెద్ద పండగలప్పుడు ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో దిగడం నయం. పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ అడక్కండి, ఉగ్గాని (బొరుగులతో చేసే ఉప్మా లాంటిది), మిరపకాయ బజ్జీ అడగండి. బజ్జీ కారంగా ఉందని ఫిర్యాదు చేయకండి, రాయలసీమకు వచ్చారు.

కడప వైపు కూడా అడవి ఉందంటారు, అక్కడ ఏముంది?

లంకమల. సిద్దవటం, బద్వేలు చుట్టుపక్కల కొండలు. ఇక్కడ ఎర్రచందనం సహజంగా పెరుగుతుంది, అందుకే అనుమతి లేకుండా లోపలికి వెళ్లేవాళ్లను అటవీశాఖ వదలదు. నిత్యపూజస్వామి కోన, లంకమల్లేశ్వరస్వామి గుడి భక్తులు వెళ్లే చోట్లు. రెండిటికీ కొంత నడక తప్పదు.

లంకమలకు అసలు పేరు తెచ్చింది ఒక పిట్ట. కలివికోడి. 1848లో దాన్ని వర్ణించారు, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందని రాసేసుకున్నారు. 1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో మళ్లీ దొరికింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏళ్లుగా వెతికినదాన్ని పట్టి చూపించింది పిట్టలు పట్టే ఒక స్థానికుడు. ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రి తిరిగే పిట్ట, ముళ్ల పొదల మధ్య ఉంటుంది. మీరు చూస్తారని చెప్పలేను. అయితే గువ్వలచెరువు ఘాట్ మీదుగా వెళ్తే పాలకోవా మాత్రం ఖాయం.

అడవిలో ఆగి వంట చేసుకోవచ్చా? డ్రోన్ ఎగరేయొచ్చా?

రెండూ కుదరవు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు, కొండంతా అంటుకుంటుంది. రోడ్డు పక్కన కోతులకు అన్నం పెట్టడం కూడా ఆపండి. వాటి కోసం రోడ్డు మీదికి వచ్చిన కోతే తర్వాత లారీ కింద పడుతుంది. మందు సీసాలతో వచ్చేవాళ్లు అసలు నాకు ఫోనే చేయొద్దు.

మీరు మాతో వస్తారా?

అహోబిలం అయితే వస్తాను. పొద్దున ఐదింటికి నంద్యాల బస్టాండు దగ్గర ఉండండి, మంచి బూట్లు వేసుకోండి.